తల్లి రాజ్యాంగసభలో, కూతురు దండులో



ఈ ఉపన్యాసము కెప్టెన్ లక్ష్మీ సెహగల్ గారి స్మృత్యర్థము ఏర్పడిన ధర్మనిధి పక్షమున చేయుచున్నది. ఆమెను గూర్చి మాటలాడువారు సాధారణముగా 1943వ సంవత్సరపు సింగపూరునుండి, సైనికదుస్తులు ధరించి తుపాకి పట్టిన యువతినుండి ప్రారంభింతురు. నేను మద్రాసునుండి, అందును ఆమె కన్నతల్లి అమ్ము స్వామినాథన్ గారినుండి ప్రారంభింపదలచితిని. కూతురు ఆజాద్ హింద్ ఫౌజునందలి స్త్రీదండును నడిపినది. తల్లి రాజ్యాంగమును నిర్మించిన సభలో సభ్యురాలైనది. ఈ రెండు చరిత్రలను వేర్వేరు గ్రంథములలో చదువుకొనుట మనకు అలవాటైపోయినది గాని, కూతురు ప్రవేశించిన ద్వారము ఆమె వెనుకనే మూతపడగా, ఏండ్లు పూండ్లు గడచిన పిమ్మట దానిని మరల తెరచినది తల్లి కూర్చుండిన సభ వ్రాసిన శాసనమే యని నా దృఢవిశ్వాసము. నేడు మీకు విన్నవింపబోవునది అంతయు దీనిని గూర్చియే.

అమ్ము గారు 1894లో పాలఘాటు సీమలోని ఆనక్కర గ్రామమున జన్మించిరి. చెప్పుకొనదగిన పాఠశాల చదువు ఆమెకు లేదు. బాల్యము తీరకముందే, తనకంటె ఇరువది సంవత్సరములకు పైబడి పెద్దవాడైన స్వామినాథన్ గారితో పెండ్లి ప్రస్తావన వచ్చినప్పుడు ఆ పిల్ల కొన్ని షరతులు పెట్టినదని ఆ కుటుంబమున చెప్పుకొందురు. తన్ను పట్టణమునకు తీసికొనిపోవలెననియు, ఇంగ్లీషు చెప్పింపవలెననియు, ఇంటికి ఏ వేళకు తిరిగివచ్చెదవని తన్నెవ్వరును అడుగరాదనియు, ఏలయన తన అన్నదమ్ములను ఎవ్వరును అట్లు అడుగుట లేదనియు ఆ షరతుల సారాంశము. మొదటి రెండింటిని ఏ తెలివిగల పిల్లయైనను కోరవచ్చును. మూడవది సామాన్యమైన కోరిక గాదు. అన్నదమ్ములకు లేని కట్టుబాటు తనకేల యని అడిగిన ఆ పిల్ల, తానెరుగకయే ఒక రాజ్యాంగసూత్రమును పలికినది. ఆ పలుకు శాసనరూపము ధరించుటకు నలువదేండ్లు పట్టెను.

స్వామినాథన్ గారు మద్రాసు నగరమున పేరుమోసిన న్యాయవాది యైరి. అమ్ము గారు ఆ నగరమున ప్రజాసేవకురాలైరి. 1917లో అడయారులో స్త్రీల భారతసంఘము వెలసినప్పుడు ఆమె దాని స్థాపకులలో నొకరు. ఆ యేడాది డిసెంబరులోనే సరోజినీ నాయుడు గారు మున్నగువారు మద్రాసునకు వచ్చిన భారతవ్యవహారముల బ్రిటిషు మంత్రి మాంటేగును దర్శించి, స్త్రీలకును వోటు కావలెనని విన్నవించిరి. 1921లో మద్రాసు శాసనమండలి దేశమున అన్ని రాష్ట్రములకంటె ముందుగా స్త్రీలకు వోటు నొసగెను. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు ఆ మండలికి ఉపాధ్యక్షురాలైరి. ఉప్పు సత్యాగ్రహమున వేదారణ్యమునకు నడచి చెరసాలకేగిన రుక్మిణీ లక్ష్మీపతి గారు, మన ఆచంట లక్ష్మీపతి వైద్యుని ధర్మపత్ని, 1937లో శాసనసభకు ఉపసభాపతి యైరి. 1946లో ఆంధ్రకేసరి ప్రకాశము గారి మంత్రివర్గమున ప్రజారోగ్యశాఖ వహించి, మద్రాసు రాష్ట్రమునకు తొలి స్త్రీమంత్రి యైరి.

ఈ పేర్లను చదివి తృప్తిపడుట సులభము. కాని ఇందులో మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. తొలిసారి పదవి నెక్కిన స్త్రీకి ఆరోగ్యమో, సంక్షేమమో, స్త్రీల వ్యవహారములో, అనగా ఇంటిపనికి చేరువగా నున్నదని పురుషులు తలచిన శాఖయే లభించుచు వచ్చెను. ఆర్థికము, శాంతిభద్రతలు, రక్షణ యనునవి ఆమెకు దూరముననే యుండెను. రుక్మిణీదేవి మంత్రిత్వము ఏడాది నిండకమున్నే ప్రకాశము గారి మంత్రివర్గముతోడనే ముగిసినది. ఆమె అసమర్థతచేత గాదు. ఆ పదవి ఒక నాయకుని ఎన్నికపై నిలిచియుండెను, ఆ నాయకునితోనే పోయెను. ఇట్టి పరిణామమునే, ఇంతకంటె మిక్కిలి తీవ్రముగా, లక్ష్మీ గారి జీవితమునందు చూడగలము.

లక్ష్మీ గారు 1914 అక్టోబరు 24న జన్మించిరి. 1938లో మద్రాసు వైద్యకళాశాలనుండి పట్టము పొంది, ప్రసూతి వైద్యమున డిప్లొమా సంపాదించి, 1940లో సింగపూరునకు వెడలి, అచట కూలిజనమునకు వైద్యము చేయుచుండిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమయ్యెను. అభేద్యమని ఇంగ్లీషువారు చాటుకొన్న దుర్గము తలవంచినది. వేలకొలది భారతీయ సైనికులు బందీలైరి. అందుండియే ఆజాద్ హింద్ ఫౌజు పుట్టినది.

మలయాలోని భారతీయులలో అత్యధికులు రబ్బరు తోటలలోని కూలీలు. వారిలో తమిళులు హెచ్చు. బాగన్ దాతో ప్రాంతమువంటి తావుల తెలుగువారును గలరు. కంగాణీ యను మేస్త్రీ కుదిర్చిన కూలికి ఓడనెక్కి వచ్చి, తెల్లవారకమున్నే చెట్టు గీసి పాలు పట్టి, వరుస యిండ్లలో కాపురముండి, పుట్టిన దేశము నెరుగని పిల్లలను కని పెంచిన జనమది. యుద్ధము వచ్చినంతనే రబ్బరు కొనువాడు లేడు, బియ్యము దిగు ఓడ లేదు. దానికి తోడు జపానువారు సయాం నుండి బర్మాకు రైలుదారి వేయుటకై తోటలనుండి మగవారిని వేలకొలదిగా తరలించుకొనిపోయిరి. వారిలో తిరిగి రానివారు వేలు. నేతాజీ సుభాష్ చంద్రబోసు నడిపిన ఈ దండునకు జపాను అండ యుండెననునది ఎవ్వరును కాదనలేని సత్యము. ఆ జపాను చేతులు సింగపూరు చీనావారి రక్తముతోను, రైలుదారి కూలీల రక్తముతోను తడిసియుండెననునదియు అంతే సత్యము. లక్ష్మీ గారిని గౌరవించుటకు ఈ మాటలను దాచవలసిన పనిలేదు. తన జనము నలువైపుల నలిగిపోవుచున్న వేళ, ఆ జనమునందలి స్త్రీలను తలయెత్తి నిలబెట్టిన కార్యము ఎట్టిదో తెలియవలెనన్న ఆ పరిస్థితియంతయు మన కన్నుల యెదుట నుండవలెను.

సుభాష్ చంద్రబోసు 1943 జులై 2న సింగపూరునకు వచ్చిరి. జులై 9న పడాంగు మైదానమున లక్షోపలక్షల ప్రాణధనములను కోరుచు చేసిన ప్రసంగముననే, ఝాన్సీరాణి పేర ఒక స్త్రీదళము కావలెనని ప్రకటించిరి. ఆయనకిది అప్పటికప్పుడు తోచిన మాట గాదు. 1928 నాటి కలకత్తా కాంగ్రెసులో లతికా ఘోష్ నాయకత్వమున స్త్రీ స్వచ్ఛందసైన్యమును కవాతు చేయించినవాడాయనయే. అంతకు మున్నే, 1923లో కాకినాడ కాంగ్రెసున ఖద్దరు ప్రదర్శన ద్వారమున కాపున్న చిరుత ప్రాయపు దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే నిలువరించి, టిక్కెట్టు తెచ్చిన పిమ్మటగాని లోనికి విడువలేదు. ఆజ్ఞను పాటించుట, పాటింపజేయుట యను సైనికగుణములు మన ఆడపిల్లలకు కొత్తవి గావనుటకు ఈ రెండును చాలును.

జులై 12న స్త్రీల సభ. ఆ సభకు వచ్చు నాయకునకు స్త్రీలే సాయుధవందనము చేయవలెనని తలంపు గలిగి, లక్ష్మీ గారు ఇల్లిల్లు తిరిగి సుమారు 20 మందిని సమకూర్చిరి. చేతికి పుస్తకమో గరిటెయో తప్ప ఎరుగనివారు, బరువైన .303 రైఫిళ్ళను ఎరువు తెచ్చుకొని, చీరలతోనే నిలబడి, ఎత్తుట దింపుట అభ్యసించి, ఆనాడు తప్పు లేకుండ వందనము చేసిరి. ఆ పిమ్మట నేతాజీ ఆమెను పిలిపించి దీర్ఘముగా మాటలాడి, దళమును నడుపుమని కోరిరి. ఆమె వైద్యవృత్తిని కట్టిపెట్టి, మరునాటినుండియే ఆ పనికి పూనుకొనెను. 1943 అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వము ఏర్పడినప్పుడు ఆ మంత్రిమండలిలో ఏకైక స్త్రీ ఆమెయే. ఆమెకిచ్చిన శాఖ స్త్రీల సంఘములది. ఇందాక నేను చెప్పిన ఆచారము అచటను తప్పలేదు. అయినను ఈ మంత్రిణి చేతిలో మంత్రిత్వముతోబాటు ఒక దండుకూడ నుండెను, అదియే విశేషము. అక్టోబరు 22న సింగపూరులో రాణీ ఝాన్సీ దళపు శిక్షణశిబిరము తెరువబడినది.

జపాను అధికారులు ఈ దళమునెడ సుముఖులుగా నుండలేదు. స్త్రీలకై ఆయుధములు, తిండి వ్యర్థపరచుట యని వారి యభిప్రాయము. శిబిరమునకు వలయు వసతిని, ధనమును భారత స్వాతంత్ర్యసంఘము వారే సమకూర్చిరి. కన్యలు తల్లిదండ్రుల యనుమతితోను, వివాహితలు భర్తల యనుమతితోను చేరవలసియుండుటచే, లక్ష్మీ గారు తోటతోటకు, గడపగడపకు పోయి తండ్రులతో, మగలతో వాదించి వేడవలసివచ్చెను. నాయకునకు మంత్రదండము లేదు. ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్కరిని ఒప్పించుటయే ఆమె చేసిన తొలి యుద్ధము, నా మతమున అతికష్టమైన యుద్ధమును అదియే.

వచ్చినవారిలో కౌలాలంపూరు సంపన్నుల బిడ్డ జానకి దావరు వంటివారు గలరు. ఆమె తన నగలను నేతాజీకి సమర్పించి, పదునెనిమిదేండ్ల ప్రాయమున దళమున చేరి, కడపట దళనాయికలలో నొకతె యైనది. చదువుకొనుచున్న పిల్ల రాసమ్మ పదునారవ యేట చేరినది. కాని దళమునందలి అధికసంఖ్యాకులు చదువెరుగని తోటకూలీల బిడ్డలు. ఇండియాను కన్నులార చూచియెరుగని ఈ పిల్లలు ఇండియాకొరకు ప్రాణమిత్తుమని వచ్చిరి. ఆకలిదినములలో శిబిరమున అన్నము, బట్ట దొరకుటచేత వచ్చిరని కొందరు చప్పరించుటయు కలదు. కావచ్చును. తిండికై సైన్యమున చేరిన మగవానిని వీరుడని కొలిచిన లోకము, అదే కారణమున చేరిన ఆడదానిని శంకించుటకు న్యాయమేమో నాకు తెలియదు.

చీర విడిచి నిక్కరు, బూట్లు, టోపీ ధరించుట తొలి పరీక్ష. జుట్టు కత్తిరించుట మరియొకటి. వేకువ వ్యాయామము, కవాతు, రైఫిలు, బ్రెన్ తుపాకి, వీపున మూట మోసికొని రాత్రులయందు దీర్ఘప్రయాణము, మధ్యాహ్నము రోమను లిపిలో హిందూస్తానీ పాఠము, గాయపడినవారికి సేవ చేయు నేర్పు: ఇట్లు దినములు గడచెను. వంట ఒక్కటి, పంక్తి ఒక్కటి. వరుస యిండ్లలో కులమునకొక కొలువుగా బ్రతికిన కుటుంబములనుండి వచ్చినవారికి ఆ ఒక్క పంక్తిలో కూర్చుండుట తుపాకి పట్టుటకంటె తక్కువ సాహసమని నేననుకొనను. లక్ష్మీ గారు నాయిక మాత్రమే గాక వారికి వైద్యురాలుకూడ. కాలి బొబ్బలు మొదలు మలేరియా వరకు వారి శరీరక్లేశమునంతయు ఎరిగి, ఎరిగియు నడిపించినది. ఆమెకు మొదట కెప్టెన్ హోదా ఇచ్చిరి. తరువాత హోదా పెరిగినను, జనులు ఆమెను తుదివరకు కెప్టెన్ లక్ష్మి యనియే పిలిచిరి.

1944లో దళమునందలి కొన్ని భాగములు బర్మాకు తరలి, రంగూనునకును, మేమియో పర్వతపట్టణమునకును చేరెను. బర్మా యన్నపుడు మన సముద్రతీరపు జిల్లాలవారి హృదయము సహజముగా కదలును. కోరంగి రేవున ఓడనెక్కి మేస్త్రీల వెంట రంగూను చేరి, బియ్యపు మిల్లులలోను, రేవుపనులలోను, రిక్షాలు లాగుటలోను బ్రతికిన తెలుగువారిని అచట కోరంగీలనియే వ్యవహరించిరి. 1942 నాటి జపాను బాంబుల భయమున వారిలో పెక్కుమంది ఇతర భారతీయులతోబాటు కాలినడకన అడవులు దాటి స్వదేశము చేరబోగా, వేలమంది దారిలో నశించిరి. మిగిలినవారున్న నగరమునకే రాణీదళము వచ్చినది.

ఇంఫాలుపై దండయాత్ర జరుగునప్పుడు ఈ స్త్రీలు ముందువరుసకు పోవుటకై తహతహలాడిరి. కాని వానలు, ఆకలి, రోగములు, శత్రువుల విమానబలము ఏకమై ఆ దండయాత్రను 1944 జులై నాటికి భగ్నము చేసెను. మేమియో ఆస్పత్రిలో, బాంబులు పడుచుండగా, ఇంఫాలునుండి తిరిగివచ్చిన అస్థిపంజరములవంటి సైనికులకు వారు సేవ చేసిరి. ఎదురెదురు యుద్ధమున వారు నిలువలేదు గదా యని అడుగువారున్నారు. నిలుపబడలేదు, నిలువనొల్లనివారు గారు. ఈ భేదమును చరిత్రకారుడు విస్మరింపరాదు.

1945 ఏప్రిలులో రంగూను వదలవలసివచ్చినప్పుడు, వాహనములలో ముందు పోవుటకు అవకాశమున్నను నేతాజీ ఈ దళపు స్త్రీలను, అనగా రాణులను, విడిచి కదలనని పట్టుపట్టి, వారితో గూడ రాత్రులయందు బురదదారుల నడచి, నదులను దాటి, సుమారు మూడు వారములకు బాంకాకు చేరిరి. లక్ష్మీ గారు బర్మాలోనే యుండిపోయి, గాయపడినవారికి అడవులలో వైద్యము చేయుచు, ఇంగ్లీషువారికి చిక్కిరి. వారు ఆమెను బర్మాలోనే నిర్బంధించి, 1946 మార్చిలో ఇండియాకు పంపిరి. ఆజాద్ హింద్ ఫౌజు అధికారులపై ఎఱ్ఱకోటలో జరిగిన విచారణలచేత దేశమంతయు ఉడికిపోవుచుండిన దినములవి. 1947 మార్చిలో ఆమె ఆ విచారణలో ముద్దాయిగా నిలిచిన ప్రేమ్ సెహగల్ గారిని వివాహమాడి, కాన్పూరున స్థిరపడిరి.

దళము 1945లో రద్దయినది. స్వతంత్రభారతము ఏర్పడినప్పుడు ఆజాద్ హింద్ సైనికులను తిరిగి సైన్యమున చేర్చుకొనలేదు. రాణుల ప్రసక్తియే లేదు. కొత్త సైన్యమున స్త్రీలకు చోటు సేవికలుగా, తరువాత వైద్యులుగా మాత్రమే. వెయ్యిమందికి చేరువైన స్త్రీలు తుపాకి పట్టి నడచిన దృశ్యమును కన్నులార చూచిన తరమే పాలకవర్గముగా నున్నప్పటికిని, వైద్యము గాక ఇతర శాఖలలో స్త్రీని అధికారిణిగా తీసికొనుటకు 1992 వరకు వేచియుండవలసివచ్చెను. ఇది ఎందువలన? లక్ష్మీ గారి దండు నిలిచినది ఒక మహాపురుషుని సంకల్పముపై. ఆయన గతించెను, సంకల్పము గతించెను. గొప్ప మనసుతో ఇచ్చినదే యైనను, ఇచ్చిన చేయి లేనప్పుడు అది నిలువదు. రుక్మిణీదేవి మంత్రిత్వమునకు పట్టిన గతియే, ఇంతింతై వెయ్యింతలై, ఈ దళమునకును పట్టినది.

సరిగా ఆ కాలముననే, 1946 డిసెంబరు మొదలుకొని, ఢిల్లీలో రాజ్యాంగసభ కూర్చుండెను. అందున్న స్త్రీలు 15 మంది. మద్రాసునుండి అమ్ము స్వామినాథన్ గారు, దుర్గాబాయి గారు సభ్యులు. కాకినాడలో ద్వారము కాచిన బాలిక ఉప్పు సత్యాగ్రహమున చెరసాల చూచి, న్యాయశాస్త్రము చదివి, 1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించి, ఈ సభలో అధ్యక్షస్థానము నలంకరింపదగిన సభ్యుల పట్టికలో ఏకైక స్త్రీయై, వందలకొలది సవరణలపై వాదించెను. అమ్ము గారు తక్కువ మాటలాడిరి. రాజ్యాంగము మిక్కిలి స్థూలమైపోయినదని, చేతిసంచిలోనో జేబులోనో ఉంచుకొని తిరుగదగిన చిన్నపుస్తకముగా దానిని తాను ఊహించుకొన్నానని 1949 నవంబరులో ఆమె సభలో పలికిరి. ఆ స్థూలగ్రంథమునందే మూడు చిన్న సూత్రములు కలవు: చట్టము ఎదుట సమానత్వమును చెప్పు 14వ అధికరణము, లింగభేదముచేత వివక్ష కూడదను 15వది, ప్రభుత్వోద్యోగములలో సమావకాశమును చెప్పు 16వది. అన్నదమ్ములకు లేని కట్టుబాటు తనకేల యని అడిగిన ఆనక్కర బాలిక ఆ సూత్రములు వ్రాయబడుచుండగా ఆ సభలో కూర్చుండెను.

శాసనము వ్రాయగానే ఆచరణము రాదు. 1968లో వాయుసేన వైద్యశాఖలో చేరిన పద్మావతీ బందోపాధ్యాయ గారు, మన తిరుపతిలో పుట్టినవారు, 1971 యుద్ధకాలమున సేవచేసి విశిష్టసేవాపతకము నొంది, విమానయానవైద్యమున ప్రావీణ్యము సంపాదించి, ఎయిర్ మార్షల్ పదవి నధిష్ఠించిన తొలి భారతీయ స్త్రీ యగుటకు 2004 రావలసివచ్చెను. ఆమెయు వైద్యురాలే. వైద్యము గాని ద్వారములు స్త్రీకి కొలది కొలదిగా, తాత్కాలికోద్యోగరూపమున తెరువబడినవి. చివరకు 2020 ఫిబ్రవరి 17న సర్వోన్నత న్యాయస్థానము, స్త్రీ శరీరబలమును, గృహధర్మమును పేర్కొని ప్రభుత్వము చూపిన వాదములను త్రోసిపుచ్చి, పురుషులతో సమముగా స్త్రీలకును సైన్యమున శాశ్వతోద్యోగము, నాయకత్వపదవులు ఒసగవలెనని తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు మూలాధారము 14వ అధికరణము. 2021లో అదే న్యాయస్థానము జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశపరీక్షకు బాలికలను అనుమతింపజేసెను. 2025 మే నెలలో 17 మంది యువతులు అచట తొలిసారి శిక్షణ ముగించుకొని బయటికి నడచిరి. పదాతిదళము, టాంకుల దళము మాత్రము నేటికిని వారికి మూసియేయున్నవి.

పౌరపదవుల విషయమును ఇట్టిదే. ముత్తులక్ష్మిగారివంటి ఒక్కొక్క మహాస్త్రీ ఎంత మెరిసినను గ్రామపు రచ్చబండ మారలేదు. సైన్యపు ద్వారము తెరువబడిన 1992లోనే ఆమోదింపబడిన 73వ రాజ్యాంగసవరణ పంచాయతులలో మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించిన పిమ్మటనే లక్షలకొలది స్త్రీలు ఆ కుర్చీలపై కూర్చుండిరి. సర్పంచి భర్తయే పెత్తనము చేయుచున్నాడని నవ్వువారు మన పల్లెలలో ఇంకను గలరు. చేయుచున్న చోట్లు గలవు, అది నిజము. ఐనను అట్టి ఊళ్ళలో, రెండవసారి ఎన్నికైన సర్పంచి లెక్కలపుస్తకమును తన చేతనే పట్టుకొని మండలకార్యాలయమునకు వచ్చుటయు నేను చూచితిని. హక్కుగా వచ్చినది గనుక ఆమె నేర్చుకొనుటకు వ్యవధి దొరకినది.

లక్ష్మీ గారు తన దండు పోయినదని విచారించుచు కూర్చుండలేదు. కాన్పూరున బీదజనమునకు ప్రసూతివైద్యము చేసిరి, 1971లో సరిహద్దు దాటివచ్చిన తూర్పుబెంగాలు శరణార్థుల శిబిరములలో పనిచేసిరి, 1984లో సిక్కులపై హింస చెలరేగినప్పుడు కాన్పూరు వీథులలో నిలిచి శాంతికై పాటుపడిరి, అదే సంవత్సరము భోపాలు విషవాయువు బాధితులకొరకు వైద్యబృందమును నడిపిరి. 1998లో పద్మవిభూషణ్ బిరుదము వచ్చినది. 2002లో వామపక్షముల పక్షమున రాష్ట్రపతి పదవికి పోటీ చేసి, అబ్దుల్ కలాం గారి చేతిలో ఓడిరి. తొంబది యేండ్లు దాటిన పిమ్మటను రోగులను చూచుట మానలేదు. 2012 జులై 23న, తొంబదియేడవ యేట, పరమపదించిరి. ఆమె కోరికపై దేహమును కాన్పూరు వైద్యకళాశాలకు సమర్పించిరి.

ఈ ధర్మనిధి నిర్వాహకులకు నా విన్నపమొకటి కలదు. జానకి, రాసమ్మ గార్ల వంటి కొందరి పేర్లు నిలిచినవి. తోటలనుండి వచ్చిన అధికసంఖ్యాకుల పేర్లు ఏ గ్రంథమునను లేవు. మలయా తోటలనుండియు, రంగూను వీథులనుండియు చేరినవారిలో తెలుగు కుటుంబములవారు ఎవరెవరో, ఏ జిల్లాకు, ఏ ఊరికి చెందినవారి సంతతియో మనవారెవ్వరును శ్రద్ధగా లెక్క తీసికొనలేదు. యుద్ధమునెరిగిన తరము దాదాపు ముగిసినది. వారి బిడ్డలు, మనుమలు నేటికిని మలయాలోని పేరాక్‌లోను, రంగూనులోను, కాకినాడ, శ్రీకాకుళ ప్రాంతములకు తిరిగివచ్చిన కుటుంబములలోను గలరు. వారి యిండ్ల పెట్టెలలో ఉత్తరములు, ఛాయాచిత్రములు, దళపు గుర్తింపుపత్రములు ఉండవచ్చును. వచ్చు సంవత్సరపు ఉపన్యాసమునకు వెచ్చింపదలచిన ధనముతో ఇద్దరు యువపరిశోధకులను ఆ యిండ్లకు పంపి, దొరకిన ప్రతి పేరును, ఊరితో సహా, తెలుగున అచ్చువేయింపుడని ప్రార్థించుచున్నాను.